చేలో దొరికిన రాయి పనిముట్టేనా?

నల్లమల అంచు పల్లెల్లోనో, పల్నాటి మెట్టచేలల్లోనో వాన వెలిసిన మర్నాడు నడిస్తే పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలి ఉంటాయి. వాటిలో ఒకటి కంటికి వేరుగా ఆనుతుంది. అరచేయంత క్వార్ట్‌జైట్ (గట్టిపడ్డ ఇసుకరాయి) ముక్క. ఒక కొస మొనదేరింది, ఇంకో కొస గుండ్రంగా ఉంది, పట్టుకుంటే బొటనవేలికి అమర్చినట్టు చిన్న గుంట. ఇక ఆ చెయ్యి దాన్ని వదలదు. ఇంటికి తెచ్చి కడిగి బీరువా మీద పెడతారు. ఆదిమానవుడి గొడ్డలి అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు.

అది నిజంగా గొడ్డలే కావచ్చు. కర్నూలు, కడప, ప్రకాశం, గుంటూరు జిల్లాల వాగుల గట్లలో పాతరాతియుగపు పనిముట్లు దొరుకుతున్నాయని నూటయాభై ఏళ్లకు పైగా తెలుసు. కానీ చేతికి అమరడం మాత్రం సాక్ష్యం కాదు. గుప్పెడంత రాయిని దేన్నైనా నాలుగు వైపులా తిప్పి చూడండి, ఎక్కడో ఒకచోట అమరుతుంది. సర్దుకునేది మన చెయ్యి. పక్షి తలలా ఉంది, బాణపు మొనలా ఉంది అనే పోలికలూ ఇంతే. రాయి దేనిలా ఉంది అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అది ఎలా పగిలింది అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. తర్వాత అది ఏ రాయి, ఎక్కడ పడి ఉంది, పక్కన ఏమున్నాయి అని అడగాలి. నా ఉద్దేశంలో ఈ చివరి రెండు ప్రశ్నలే అన్నిటికంటే బరువైనవి. సేకరించేవాళ్లు తరచుగా వదిలేసేవీ అవే.

దెబ్బ వదిలిన గుర్తులు

చెకుముకి రాయి, అగేట్, సన్నటి రేణువున్న క్వార్ట్‌జైట్ వంటివి పొరలు పొరలుగా విడిపోవు, గాజులా పగులుతాయి. పనిముట్టు చేసేవాడికి కావలసింది సరిగ్గా అదే. రాయి అంచుకు కాస్త లోపలగా సుత్తిరాయితో కొడితే ఆ బలం శంకువు ఆకారంలో లోపలికి పాకుతుంది. కిటికీ అద్దానికి గులకరాయి తగిలినప్పుడు అవతలి వైపు గరాటులాంటి పెచ్చు ఊడిపడుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. దెబ్బ అంచు దగ్గర పడింది కాబట్టి శంకువులో ఒక భాగమే వస్తుంది.

ఊడిన పెచ్చును కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి. ఒక ముఖం నున్నగా ఉంటుంది. తల్లిరాయి నుంచి విడిపోయిన ముఖం అది. దాని పైకొసన దెబ్బ పడిన చిన్న చదును ఉంటుంది. చదునుకు సరిగ్గా కింద ఒక ఉబ్బు తగులుతుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. ఆ బుడిపె నుంచి కిందికి వంపు వంపుగా అలలు సాగుతాయి. వాటి వంపులన్నీ దెబ్బ పడిన చోటినే కేంద్రంగా చూపిస్తాయి. బుడిపె మీద ఒక్కోసారి చిన్న పొర ఎగిరిపోయిన మచ్చ కూడా ఉంటుంది. ఇప్పుడు తిప్పి రెండో ముఖం చూడండి. దీనికంటే ముందు ఊడిన పెచ్చుల గుంటలు అక్కడ ఉంటాయి, వాటి మధ్య గట్లు ఉంటాయి. ఆ గుంటలన్నీ ఒకే వైపు నుంచి కొట్టినవైతే, ఎవరో ఒక వరసలో పని చేసుకుంటూ వచ్చారని అర్థం.

చేతిగొడ్డలి అయితే పెచ్చు ఊడిన గుంటలు రెండు ముఖాల మీదా చుట్టూ ఉంటాయి. అంచును పక్కనుంచి చూస్తే అటొకటి ఇటొకటి కొట్టడం వల్ల మెలికలు తిరిగి కనిపిస్తుంది. క్లీవర్ అనే నరుకుడు పనిముట్టుకు మొన ఉండదు, అడ్డంగా వెడల్పాటి పదును ఉంటుంది. ఆ పదును చెక్కింది కాదు, పెద్ద పెచ్చు ఊడినప్పుడే సహజంగా వచ్చింది. గోకుడు రాయికైతే ఒక అంచు వెంబడి చిన్న చిన్న పెచ్చులు వరసగా, ఇంచుమించు ఒకే కోణంలో తీసి ఉంటాయి. అన్నిటిలోనూ వెతకాల్సింది ఒకటే: దెబ్బల్లో క్రమం. ఎక్కడ కొడితే ఏది ఊడుతుందో తెలిసిన మనిషి కొట్టాడని ఆ క్రమమే చెబుతుంది.

ప్రకృతి కూడా పెచ్చులు తీస్తుంది

బుడిపె ఒక్కటి కనబడితే చాలు, మనిషి పనే అని చాలామంది తేల్చేస్తారు. అది చాలదు. ఒక రాయి ఇంకో రాయిని గట్టిగా ఢీకొట్టిన ప్రతిచోటా బుడిపె వస్తుంది, కొట్టింది మనిషైనా వరదైనా.

ఈ పాఠం నేర్చుకోవడానికి యూరప్ పండితులకు కొన్ని దశాబ్దాలు పట్టింది. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో కిరాణా కొట్టు నడిపే బెంజమిన్ హారిసన్ 19వ శతాబ్దం చివర్లో గట్ల మీద మొరటు ఫ్లింట్ (చెకుముకి రాయి) ముక్కలు ఏరాడు. వాటి అంచులు కాస్త చెక్కినట్టు ఉండేవి. అవి అప్పటికి తెలిసిన పనిముట్లన్నిటికంటే పాతవని ఆయన నమ్మాడు. జోసెఫ్ ప్రెస్ట్‌విచ్ అంతటి భూగర్భ శాస్త్రవేత్త వెనక నిలబడ్డాడు. వాటికి ఇయోలిత్‌లు అని పేరు కూడా వచ్చింది. 1905లో ఫ్రాన్స్‌లో పురాజీవ శాస్త్రవేత్త మార్సెలిన్ బూల్ మాంత్ దగ్గరి సిమెంటు కర్మాగారాన్ని చూశాడు. అక్కడ సుద్దను నీళ్లలో వేసి మరలో తిప్పుతారు. సుద్దతో పాటు లోపల పడిన ఫ్లింట్ ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని, అచ్చం ఇయోలిత్‌లలాగే అంచులు చెక్కుకుని బయటికి వస్తున్నాయి. ఏ మనిషీ వాటిని చేయాలనుకోలేదు.

ఆ వాదంలోంచి పుట్టిన కొలత ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. రాయి నుంచి పెచ్చు తీయాలంటే అంచు కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి, లేకపోతే ఎంత కొట్టినా పెచ్చు సరిగా రాదు. పని తెలిసినవాడు అలాంటి అంచునే ఎంచుకుంటాడు. ప్రకృతికి ఆ ఎంపిక లేదు. ఆల్‌ఫ్రెడ్ బార్న్స్ 1939లో రెండు రకాల రాళ్లనూ కొలిచి, మనిషి చేసిన వాటిలో 90 డిగ్రీలు, ఆపైన ఉన్న కోణాలు నూటికి పాతికకు మించవని నియమం పెట్టాడు. అయితే ఆ పాతిక శాతం రాళ్ల గుంపు మొత్తానికి వేసిన లెక్క. ఒక్క రాయిని చేతిలో పెట్టుకుని ఈ నియమంతో తీర్పు చెప్పలేం.

ఈమధ్య చిక్కు ఇంకాస్త పెరిగింది. బ్రెజిల్‌లోని సెర్రా ద కాపివారా జాతీయ వనంలో కాపుచిన్ కోతులు రాయితో రాయిని బాదుతుంటే, పదునైన పెచ్చులు ఊడిపడటాన్ని పరిశోధకులు 2016లో ప్రకటించారు. ఆ పెచ్చులకు బుడిపెలున్నాయి, ఒకదాని పక్కన ఒకటిగా ఊడిన గుంటలున్నాయి. కోతులు మాత్రం వాటిని ఒక్కసారీ వాడుకోలేదు, రాతి పొడిని నాకి వెళ్లిపోయాయి. పనిముట్టుకు ఉండాల్సిన గుర్తులు చాలావరకు ఉన్నాయి, పనిముట్టు చేసే ఉద్దేశం ఒక్కటే లేదు.

మన నేల మీద మోసం చేసేవి

మన దగ్గర సిమెంటు మర పాత్ర కంకర క్రషర్‌ది. రోడ్డుకు, రైలు పట్టాలకు, పునాదులకు తోలిన కంకరలో బుడిపె ఉన్న పెచ్చులు కొల్లలు. పాత రోడ్డు పక్కన, ఇల్లు కూలిన దిబ్బ మీద, చెరువు కట్ట రాతి పరుపు దగ్గర దొరికిన నల్లరాతి ముక్కను మొదట అనుమానించాలి. క్వారీ రాయైతే డ్రిల్లు వేసిన గాడి సగం కనబడవచ్చు.

రెండోది నాగలి, ఇప్పుడైతే ట్రాక్టర్ కల్టివేటర్. ఇనుము తగిలిన రాయి అంచులు చిట్లుతాయి. ఆ చిట్లిన చోటు రంగు చూడండి. వేల ఏళ్లుగా మట్టిలో ఉన్న రాయి పైన ఎండకూ తేమకూ మారిన పొర ఒకటి ఏర్పడుతుంది. చెకుముకి రాయికి తెల్లగానో పాలిపోయినట్టో, క్వార్ట్‌జైట్‌కు గోధుమరంగులోనో ఎర్రగానో ఉంటుంది. ముఖమంతా ఆ పొర ఉండి అంచున మాత్రం లోపలి అసలు రంగు మెరుస్తుంటే ఆ దెబ్బ నిన్నమొన్నటిది. ఇనుము రాసుకున్న చోట తుప్పు రంగు గీతలు కూడా మిగులుతాయి. పాత గుంటల మీద ఒక రంగు, కొత్త గుంటల మీద ఇంకో రంగు ఉంటే, ఒకే రాయి రెండు కాలాల్లో దెబ్బలు తిన్నదని చదువుకోవచ్చు. ఒక్కోసారి ఆ రెండో కాలం కూడా చరిత్రకు ముందుదే అవుతుంది. ఎప్పుడో పారేసిన పెచ్చును వేల ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు ఏరుకుని మళ్లీ చెక్కిన సందర్భాలున్నాయి.

మంట ఇంకో రకం. మోళ్లు తగలబెట్టిన చేలో, కారుచిచ్చు పాకిన అడవిలో చెర్ట్ (చెకుముకి లాంటి రాయి) ముక్కలు వేడికి పేలి గుండ్రటి లోతు తక్కువ గుంటలు పడతాయి. వాటికి బుడిపె ఉండదు, అంచు నుంచి మొదలయ్యే అలలూ ఉండవు. డోలరైట్ (మనం నల్లరాయి అనేది), గ్రానైట్ బండలు ఉల్లిపొరల్లా విడిపోతూ చివరికి నున్నటి గుండ్లు మిగులుతాయి. వాటిని వడిసెల రాళ్లనుకుని పోగుచేసేవాళ్లున్నారు. మనిషి గుండ్రంగా చేసిన రాయి మీద ఒళ్లంతా సూదులతో పొడిచినట్టు సన్నటి గుంటలుంటాయి. పొరలూడిన గుండు మీద అవి ఉండవు.

పలుగురాయి దగ్గర మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా తొందరపడరు. అది లోపలి పగుళ్ల వెంట ముక్కలవుతుంది, బుడిపె తేలదు, అలలు కనబడవు. మన ప్రాంతంలో సూక్ష్మ రాతి పనిముట్లలో చాలా భాగం పలుగురాయితోనే చేశారు. కాబట్టి చిట్లిన పలుగు ముక్క ఒక్కటి దొరికితే ఏమీ చెప్పలేం. అదే పలుగురాయి దొరకని నేలలో అలాంటివి పాతిక కుప్పగా ఉండి, పక్కనే వేలెడంత చెర్ట్ తల్లిరాయి, దాని మీద సమాంతరంగా సన్నటి పలక పెచ్చులు తీసిన గాడులు ఉంటే మాట మారిపోతుంది.

నున్నటి గొడ్డళ్లు

కొత్తరాతియుగపు గొడ్డలిని పోల్చడం వీటన్నిటికంటే సులువు. దక్షిణాదిలో ఈ కాలం సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా సాగింది. ఉట్నూరు, పాలవాయిలలో పశువుల పేడ కాలి పేరుకున్న బూడిద దిబ్బలు దాని గుర్తులే. గొడ్డళ్లు ఎక్కువగా డోలరైట్‌వి. తెలుగు నేల సరిహద్దుకు ఆనుకుని బళ్లారి దగ్గర సంగనకల్లు ఉంది, అక్కడి హిరేగుడ్డ కొండ మీద గొడ్డళ్లు తయారుచేసిన చోటే బయటపడింది. కొండకు అడ్డంగా పోయే డోలరైట్ గోడ నుంచి దిమ్మలు తీశారు, పెచ్చులు కొట్టి ఆకారం తెచ్చారు, సుత్తిరాయితో చిన్నచిన్నగా పొడిచి గట్లు అణిచారు, చివర్లో నీళ్లు పోసి బండ మీద నూరారు. ఆ నూరిన గుంటలు బండల మీద ఇప్పటికీ ఉన్నాయి.

పూర్తయిన గొడ్డలి మీద ఈ పనులన్నిటి జాడా మిగులుతుంది కాబట్టే ఏటి గులకరాయితో దానికి తేడా తెలుస్తుంది. గులకరాయి అంతటా ఒకేలా నునుపు. గొడ్డలైతే పదును వైపు అద్దంలా నునుపు, మడమ వైపు గరుకు, మధ్యలో ఎక్కడో నూరినా పోని పాత పెచ్చు గుంట. పదును దగ్గర రెండు నూరిన ముఖాలు కచ్చితమైన గీతలో కలుస్తాయి. భూతద్దం పెడితే నూరుడు గీతలు కనిపిస్తాయి. దక్కన్ పల్లెల్లో ఇలాంటివి చెట్టు కింద దేవతల దగ్గర పెట్టి ఉండటం కొత్తేమీ కాదు. మన దేశంలో నమోదైన తొలి రాతి గొడ్డళ్లలో కొన్నిటిని రైల్వే ఇంజనీరు లె మెసురియర్ 1861లో ఉత్తరాదిన టోన్స్ నది లోయలో చూశాడు. చెట్ల కింద పూజలందుకుంటున్న వాటిని దయచేసి కదిలించవద్దు. అవి ఇప్పుడు ఆ ఊరివి.

ఆకారం వయసు చెప్పదు

పనిముట్టే అని తేలాక వచ్చే ప్రశ్న ఎన్నేళ్లది అని. పుస్తకాల్లో వరస సులువుగా ఉంటుంది. చేతిగొడ్డళ్లు ముందు, పెచ్చు పనిముట్లు తర్వాత, సూక్ష్మ రాళ్లు ఆ తర్వాత, నూరిన గొడ్డళ్లు చివర. ఈ వరసకు మన దేశంలో మొదటి రూపం ఇచ్చింది కర్నూలు ప్రాంతపు రాళ్లే. ఎల్. ఎ. కామియాడ్ తన సేకరణలను పురావస్తు శాస్త్రవేత్త ఎం. సి. బర్కిట్‌తో కలిసి పరిశీలించి 1930లో నాలుగు వర్గాలుగా పేర్చాడు. వరస మొత్తం మీద నిలిచింది. అయితే దాన్ని ఒక్కో రాయికి తగిలించి వయసు చెప్పబోతే తప్పుతాం.

చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ బృందం తవ్విన చేతిగొడ్డళ్ల వయసు దాదాపు 15 లక్షల ఏళ్లని 2011లో తేలింది. మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలో అదే సంప్రదాయపు పనిముట్లు సుమారు 1,40,000 నుంచి 1,20,000 ఏళ్ల కిందటి పొరల్లో ఉన్నాయి. అంటే చేతిగొడ్డలి దొరికిందన్నంత మాత్రాన తెలిసేది 13 లక్షల ఏళ్లకు పైగా వెడల్పున్న జవాబు. సూక్ష్మ రాళ్ల కథ మన ఇంటి దగ్గరిదే. అవి మధ్యరాతియుగానివి, ఓ పదివేల ఏళ్లవని చాలాకాలం అనుకున్నారు. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురం రాతి గుహలో అవి సుమారు 35,000 ఏళ్ల కిందటే మొదలయ్యాయని తవ్వకాల్లో బయటపడింది. మరి కొత్తరాతియుగం వాళ్లూ సన్నటి పలకలు తీశారు. అగ్గిపెట్టె ఇంటింటికీ రాకముందు చెకుముకి రాయితో నిప్పు చేసినవాళ్లూ పెచ్చులు వదిలారు. ఇనుముకు రాసీ రాసీ నలిగిన ఆ అంచును గోకుడు రాయిగా పొరబడటం కష్టం కాదు.

రాయి తన వయసు తాను చెప్పదు, పొర చెబుతుంది. అదే జ్వాలాపురంలో జుర్రేరు లోయ మట్టిలో సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట కక్కిన బూడిద పరుచుకుని ఉంది. ఆ బూడిద కిందా పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. 2007లో ఈ సంగతి ప్రచురించినప్పుడు ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. ఆ రాళ్లను ఒక్కొక్కటిగా తీసి బల్లమీద పెడితే ప్రత్యేకంగా ఏమీ కనబడదు. వాటి విలువంతా బూడిదకు ఏ వైపున ఉన్నాయన్నదే. ఎవరైనా అంతకుముందే వాటిని సంచిలో వేసుకుపోయి ఉంటే ఆ ప్రశ్న అడగడానికే వీలుండేది కాదు.

పొరను కూడా అబద్ధం చెప్పించవచ్చని జపాన్‌లో రుజువైంది. షినిచి ఫుజిమురా అనే ఔత్సాహికుడు ఎక్కడ తవ్వితే అక్కడ అతి పాత పనిముట్లు దొరికేవి, జనం ఆయనకు దేవుడి చేతులు అని పేరు పెట్టారు. కమితకమోరిలో ఆరు లక్షల ఏళ్ల నాటివని చెప్పిన చోట ఆయనే గుంట తీసి రాళ్లు పాతిపెట్టడాన్ని ఫొటో తీసి మైనిచి పత్రిక 2000 నవంబరులో బయటపెట్టింది. చాలా రాళ్లు నిజమైన పనిముట్లే, కాకపోతే వేరే చోట పైనేల మీద ఏరినవి. తర్వాత రాళ్లను మళ్లీ పరీక్షించినప్పుడు వాటి మీద తుప్పు గీతలు కనిపించాయి. లక్షల ఏళ్లుగా లోతైన పొరలో కప్పబడి ఉన్న రాయికి సేద్యపు ఇనుము ఎలా తగులుతుంది? ఆ గీతలు మొదటినుంచీ అక్కడే ఉన్నాయి.

ఏం చేయాలి

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో కంకర గుంట దగ్గర మన దేశంలో మొదటి పాతరాతియుగపు పనిముట్టును గుర్తుపట్టాడు. ఫ్రాన్స్‌లో సోమ్ లోయ రాళ్లు ఆదిమానవుడి పనిముట్లేనని నాలుగేళ్ల కిందటే లోకం ఒప్పుకుంది కాబట్టి, ఏం చూస్తున్నాడో ఆయనకు తెలిసింది. తర్వాత భూగర్భ సర్వే పని మీద కర్నూలు, కడప, అనంతపురం, బళ్లారి అంతా తిరుగుతూ ఏరాడు. ఆయన సేకరణ 1904లో మద్రాసు మ్యూజియంకు చేరింది, వివరాలు ఆయన పోయాక 1914, 1916ల్లో అచ్చయ్యాయి. ఈ రోజుకీ పరిశోధకులు ఆ రాళ్ల దగ్గరికి వెళ్తున్నారంటే కారణం ఒక్కటే: ఏది ఏ ఊరి దగ్గర దొరికిందో ఆయన రాసిపెట్టాడు. ఊరు పేరు లేని అందమైన గొడ్డలి కంటే ఊరు పేరున్న మొరటు పెచ్చు నూరు రెట్లు మేలు.

కాబట్టి రాయి కనబడగానే వంగకుండా ముందు ఫోన్ తీయండి. ఉన్నచోట ఉన్నట్టే ఒక ఫొటో, పక్కన పెన్నో నాణెమో పెట్టి ఇంకొకటి, చుట్టుపక్కల నేలంతా వచ్చేలా మూడోది. లొకేషన్ పిన్ దాచుకోండి. పది అడుగుల దూరం తిరిగి చూడండి, పెచ్చులు ఇంకా ఉన్నాయా, అదే రకం రాయి ఆ నేలలో సహజంగా ఉందా, వాగు కోతలోనో కొత్తగా తవ్విన కాలువ గోడలోనో పొర కనబడుతోందా అని. గోడలో ఇరుక్కున్న దాన్ని లాగవద్దు. చేతిలోకి తీసుకోవాల్సి వస్తే బ్రష్షుతో తోమవద్దు, నూనె రాయవద్దు. అంచును అంటుకున్న మట్టి, ఆ అంచు మీది సన్నటి అరుగుదల మైక్రోస్కోపు కింద వాడకం గురించి చెప్పగలవు.

చట్టం విషయానికొస్తే, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినది పురావస్తువే. వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు సెలవుల్లో వచ్చి గుర్తుగా ఒక రాయి సూట్‌కేసులో వేసుకుపోవడం కూడా ఇందులోకే వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మే వాటిని కొనకండి. విక్టోరియా కాలంలోనే ఇంగ్లండ్‌లో ఫ్లింట్ జాక్ అని పేరుపడ్డ ఎడ్వర్డ్ సింప్సన్ నకిలీలు చేసి సేకర్తలకు, మ్యూజియంలకు అమ్మాడు. 1862లో లండన్‌లో శాస్త్రవేత్తల సభ ఎదుట కూర్చుని ఎలా చేస్తాడో చేసి చూపించాడు కూడా. కొన్న రాయి అసలుదైనా దాని చోటు పోయినట్టే.

ఒకేచోట పదీ ఇరవై కనబడితే, ముఖ్యంగా అక్కడ క్వారీకో వెంచర్‌కో కాలువకో మట్టి తీయబోతున్నారని తెలిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు, మ్యూజియంల శాఖకు, తెలంగాణలో హెరిటేజ్ తెలంగాణకు, లేదా దగ్గరి విశ్వవిద్యాలయపు పురావస్తు విభాగానికి ఫొటోలు, లొకేషన్ పంపండి. పొక్లెయిన్ రాకముందే పంపండి.